రెండు చాపలు వేసిన ఏడాది

గైడు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి మాట ఒకటే. "చూడదగ్గవి ఏమేం ఉన్నాయి తాతా?" మాచర్ల గుడి ఉంది, ఎత్తిపోతల ఉంది, గుత్తికొండ బిలం ఉంది, దుర్గిలో రాయి చెక్కేవాళ్లున్నారు, వీరుల ఊరుంది. ఇదంతా బస్సు కండక్టరు కూడా చెబుతాడు. దానికి మనమెందుకు? వచ్చినవాళ్లని తీసుకెళ్లడం మన పనిలో సగం కూడా కాదు. వాళ్లని క్షేమంగా వెనక్కి తేవాలి. వాళ్లు వెళ్లిపోయాక ఆ ఊరు మునుపటిలా మిగిలిందా లేదా చూసుకోవాలి. ఈ రెండో ముక్క నాకు ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

నా పేరు దస్తగిరి. మా నాన్న ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. రెంటచింతలలో ఫాదర్ల బళ్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నాను. ఆ నాలుగు ముక్కల పుణ్యమా అని, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో, వీరుల ఊళ్లో ఉన్న ముసాఫరు బంగళాలో నౌకరుగా తీసుకున్నారు. కాగితం మీద నౌకరునే గాని, గది ఊడవడం దగ్గర్నుంచి ఊరు చూపించడం దాకా అన్నీ నావే. ఎప్పుడు పర్మనెంటు అయ్యానో, ఎప్పుడు జీతం పెరిగిందో రాయను. చెప్పుకునేంత పెరగనూ లేదు.

ఊరి పేరు కూడా రాయను. పల్నాటి వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి తెలియకపోతే మునిగిపోయిందేం లేదు. నేను చెప్పబోయే మనుషుల మనవలు ఇంకా అక్కడే కాపురాలు చేస్తున్నారు.

భయం

ఈ ఉద్యోగంలో నాకు బాగా తెలిసింది భయం. యాత్రికుల పార్టీ బయల్దేరిందంటే అన్నం సయించేది కాదు. మా ఇంటిది నవ్వేది, "చూసేది వాళ్లు, జ్వరం వచ్చేది నీకు" అని. నిజమే. కాని భయం లేని గైడుని నేను నమ్మను.

బిలం సంగతి చెబుతాను. లోపల దారులు చీలిపోతాయి, గబ్బిలాల కంపు, అడుగున నీళ్లు. అక్కడికి నేను ఆముదం కాగడాతోనే పోయేవాణ్ని. ఒకసారి సెలవు మీద వచ్చిన మిలిటరీ దొర నా కాగడా చూసి వెక్కిరించాడు. ఆయన చేతిలో బ్యాటరీ లైటు, పట్టపగలు చేసేస్తుంది. సరేనని ముందు ఆయన్నే నడవనిచ్చి వెనకాల నా కాగడా కిందికి పట్టుకుని నడిచాను. ఒక మలుపు దగ్గర మంట కుంచించుకుపోయి నీలంగా అయింది. గాలి చెడిందన్నమాట. "వెనక్కి పదండి దొరా" అన్నాను. ఆయన లైటు మాత్రం ధగధగా వెలుగుతూనే ఉంది. దానికేం, అది ఊపిరి పీల్చదు కదా. ఆయన ఇంకో నాలుగడుగులు వేశాడు, మోకాళ్లు సడలి గోడ పట్టుకున్నాడు. బయటికి లాక్కొచ్చేసరికి నా చొక్కా చెమటకి పిండేట్టుగా ఉంది. ఆయన తేరుకుని నన్నే తిట్టాడు, ముందే గట్టిగా చెప్పలేదని. ఆ తిట్టు న్యాయమైనదే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఎత్తిపోతల దగ్గర ఇంకో రకం. గుండంలో మొసళ్లుంటాయి, వచ్చిన ప్రతివాడికీ అందులోనే స్నానం చేయాలని ఉంటుంది. దొరలకి మొసలి అని చెబితే చాలు, ఒడ్డునే ఆగిపోతారు. మద్రాసు నుంచి వచ్చే పంతుళ్లకి మొసలి అంటే లెక్కలేదు, గంగమ్మ తల్లి చూసుకుంటుందంటారు. వాళ్లకి "అమ్మవారు ఇవాళ దిగొద్దంది" అని చెప్పాలి. అబద్ధమే. దాని వల్ల కాళ్లు మిగిలినవాళ్లు ఉన్నారు కాబట్టి నాకు దిగుల్లేదు. ఎవరికి ఏ మాట చెప్పాలో తెలియడం ఈ పనిలో మొదటి మెట్టు.

అయితే మొసలికీ, చెడ్డ గాలికీ జాగ్రత్తపడటం నేర్చుకున్నవాణ్ని మనుషుల దగ్గర చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఓవర్సీరు గారు

నా మీద ఇద్దరు ఓవర్సీర్లు పనిచేశారు. మొదటాయన నోరు విప్పేవాడు కాదు. బంగళా పైకప్పు కారుతోందని చెబితే తలూపి వెళ్లిపోయేవాడు, వారంలో పెంకులు వచ్చేవి. అలాంటి పైవాడు దొరకడం అదృష్టం, ఆ సంగతి ఆయన వెళ్లిపోయాకే తెలుస్తుంది.

రెండో ఆయన మాటకారి. చెడ్డవాడు కాదు. పెద్దవాళ్ల ముందు "లేదు" అనే మాట ఆయన నోట్లోంచి వచ్చేది కాదు, అంతే. కలెక్టరు గారికి చిరుతపులి చూడాలని ఉంటే "ఉందండి" అనేవాడు. ఎవరికైనా పాత విగ్రహాలు కావాలంటే "దొరుకుతాయండి" అనేవాడు. ఆ తర్వాత పులిని వెతుక్కోవడం, విగ్రహాలు ఇవ్వకూడదని నచ్చజెప్పడం నా వంతు. మాట ఆయనది, మెడ నాది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో ఈయన గుంటూరులో ఏదో విందుకి వెళ్లాడు. అక్కడ మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పరిచయమయ్యాడు. కొత్త ప్రభుత్వంలో పలుకుబడి ఉన్నవాడు, కులం పోవాలని ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాడు. మనవాడు ఊరుకుంటాడా? "మా పల్నాట్లో ఒక ఊళ్లో ఇప్పటికీ అన్ని కులాలూ ఒకే చాప మీద కూచుని అన్నం తింటాయండి" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ఏడాదికి ఒక్క రోజు మాత్రమే తింటాయన్న సంగతి మింగేశాడు.

ఆ రోజు సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. పల్నాటి యుద్ధం నాటి మంత్రి ఒకాయన మాలా మాదిగా అని చూడకుండా అందర్నీ ఒకే చాప మీద కూచోబెట్టి తినిపించాడని మావాళ్ల నమ్మకం. దాన్ని చాపకూడు అంటారు. ఆ గుర్తుగా కార్తీకం ఆఖర్న అయిదు రోజుల వీరుల పండగలో మూడో రోజున, అంటే మందపోరు నాడు, అందరూ అలాగే తింటారు. వీరుల ఆయుధాలని కొణతాలంటారు. వాటిని పట్టే హక్కు వంశపారంపర్యంగా కొన్ని ఇళ్లది, అందులో అన్ని కులాలూ ఉన్నాయి. కొణతాలు పట్టినవాళ్లు ముందు కూచుని మొదటి ముద్ద తీసుకోవాలి. ఆ తర్వాతే ఎవరైనా తినేది. మా సాయిబుల పిల్లలం కూడా ఓ మూల ఇరుక్కుని తినేవాళ్లం. పండగ ముగిసి కొణతాలు ఇళ్లకి చేరగానే ఎవరి బావి వారిదే, ఎవరి ముంత వారిదే.

ఆ వూళ్లో మాలపల్లె కొణతం వీరయ్య మామ ఇంటిది. నాకు చుట్టం కాదు, చిన్నప్పట్నుంచి అలా పిలవడం అలవాటు. ఏడాదంతా ఆయన మునసబు గారి పొలంలో పని చేసేవాడు, మునసబు కనబడితే తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని పక్కకు నిలబడేవాడు. మందపోరు నాడు మాత్రం అదే మునసబు పక్కన చాప మీద కూచునేవాడు. వీరయ్య మామకి ఆస్తి అనదగ్గది ఆ చాప మీది చోటు ఒక్కటే.

"చాపకూడు పెట్టించు"

ఓవర్సీరు గారు గుంటూరు నుంచి తిరిగొచ్చి నా భుజం తట్టాడు. "ఒరేయ్ దస్తగిరీ, ఎల్లుండి మద్రాసు నుంచి పెద్దాయన వస్తున్నాడు. భార్య కూడా వస్తోంది. ఫోటోగ్రాఫరు కూడా ఉన్నాడు. చాపకూడు పెట్టించు. పేపర్లో పడుతుంది."

"అయ్యా, ఇది చైత్రం. చాపకూడు కార్తీకంలో కదండి."

"కార్తీకం దాకా ఆయన ఆగుతాడట్రా? అన్నం అన్నమే, చాప చాపే. నువ్వు మునసబుతో మాట్లాడు. నేను మాటిచ్చాను."

మునసబు గారింటికి పోయాను. ఆయన అరుగు మీద కూచుని చుట్ట కాలుస్తున్నాడు. మొత్తం విన్నాడు.

"ఏంది సాయిబూ, వీరుల ముందర తింటాం గాని ఫోటో డబ్బా ముందర ఎవడన్నా తింటాడా?"

"నేనూ అదే చెప్పానండి."

కొత్త ప్రభుత్వం, కొత్త పెద్దలు. మునసబు పని ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు. కాదంటే ఏమొస్తుందోనని ఆయనకీ భయమే. చివరికి చుట్ట ఆర్పి, గొంతు తగ్గించి చెప్పాడు.

"బంగళా ఎనకాల మామిడితోట్లో పెట్టు. గుడి కాడికి రానియ్యను. చాపలు రెండు వెయ్యి. అంచుకి అంచు తగలాల, ఒకదాని మీదకి ఒకటి ఎక్కగూడదు. దూరం నుంచి చూస్తే ఒకటే చాప. మేం ఈ చాప, వాళ్లు ఆ చాప. అన్నం బుట్టలు కూడా రెండు."

ఆయన తెలివికి లోపల మెచ్చుకున్నానని చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. అందరి పరువూ నిలబడే దారి దొరికిందనుకున్నాను.

అక్కణ్నుంచి మాలపల్లెకి పోయాను. వీరయ్య మామ వాకిట్లో పలుపుతాడు పేనుతున్నాడు. ఆయన భార్య నాగమ్మ అత్త జొన్నలు చెరుగుతోంది. నేను చెప్పింది విని మామ పేనడం ఆపాడు.

"పండగలో ఆ చాప మీద కూచునేది నేను కాదు అల్లుడూ. కొణతం కూచుంటది. దాని ఎనకాల నేనుంటా. కొణతం లేకుండా కూచుంటే నేను వట్టి వీరయ్యని."

"రెండు చాపలు మామా. నీది వేరే చాప. మునసబు గారే చెప్పారు."

ఆ మాటతో ఆయన మొహం ఇంకా మాడిపోయింది. "రెండు చాపలా?" అన్నాడు. "ఇయ్యాల రెండేస్తే, రేపు ఒకటి ఎందుకేస్తారు?"

నాగమ్మ అత్త చేట కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఆ అమ్మగారూ అయ్యగారూ కార్లో వస్తారు, కార్లో పోతారు. మర్నాడు ఈడ ఉండేది ఎవరు? మేం. ఏడాదికొక పూట మా మనిషి మనిషిగా కూచుంటన్నాడు. చానా ఏళ్ల నుంచి ఉంది ఆ చోటు. అది పోగొట్టి పోతారు మీరు."

"అట్టా కాదత్తా..."

"కాకపోతే మంచిదే. మునసబు కబురు పెట్టినాక రానని అనగలడా మీ మామ? రాకపోతే ఒక తప్పు, వస్తే ఒక తప్పు. నువ్వు అడగడానికి రాలేదు, చెప్పడానికొచ్చావు."

ఆ మాట కుట్టింది. నిజం కాబట్టి కుట్టింది. ఇంటికి పోయి పడుకున్నాను గాని, ఆయన చోటు పోతుందేమో అన్న దిగులు అప్పుడే పట్టుకుంది, కార్తీకం దాకా వదల్లేదు.

మామిడితోట

కారు పొద్దున్నే వచ్చింది. పెద్దమనిషి ఖద్దరు, కళ్లజోడు. ఆయన భార్య గోదావరి వైపు మనిషి, నవ్వు మొహం. దిగగానే నన్ను "ఏమండీ" అని పిలిచింది. అంతకు ముందు ఏ యాత్రికురాలూ నన్ను అలా పిలవలేదు. మంచివాళ్లు వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని ఆ రోజే తెలిసింది. చెడ్డవాళ్లకి ఊరు ముందే తలుపులు వేసుకుంటుంది.

తోటలో చాపలు వేశాను, అంచుకి అంచు. ఇటు మునసబు, ఆయన తమ్ముళ్లు, ఇంకొందరు పెద్దకాపులు. అటు వీరయ్య మామ, పల్లె నుంచి వచ్చినవాళ్లు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. విస్తర్లు పరిచాం, అన్నం, గోంగూర, పప్పుచారు వడ్డించాం. ఫోటోగ్రాఫరు దూరంగా మూడుకాళ్ల స్టాండు పెట్టుకుని నల్లగుడ్డలో తల దూర్చాడు. పెద్దమనిషి సమానత్వం గురించి నాలుగు మాటలు చెప్పాడు. ఓవర్సీరు గారు ప్రతి మాటకీ తలూపాడు. అయిపోతుంది, ఇంకొంచెంలో అయిపోతుంది అని నేను లోలోపల జపం చేస్తున్నాను.

అప్పుడు ఆ తల్లి దగ్గరికొచ్చి కిందికి చూసింది. "ఇదేంటండీ, రెండు చాపలున్నాయి?"

"పొడుగు చాలక అమ్మా" అన్నాడు ఓవర్సీరు గారు.

"అయితే మధ్యలో ఈ ఖాళీ ఎందుకండీ? పెద్దాయనా, మీరు ఇటు వచ్చి కూర్చోండి." వీరయ్య మామని చూపించి అంది.

వీరయ్య మామ తల ఎత్తకుండా చెప్పాడు. "చాపకూడు కాడ కూచున్నాక, తినేదాకా లేవగూడదు తల్లీ. వీరులకి తప్పు."

నా ప్రాణం లేచొచ్చింది. ఆచారమే ఆయన్ని కాపాడింది. కాని ఆ తల్లికి ఆ మాట ఎంతో నచ్చింది. "అబ్బ, ఎంత బాగుందండీ!" అంటూ తానే చెప్పులు విడిచి వచ్చి ఆ ఖాళీలో, రెండంచుల మీదా కూచుంది. అంతటితో ఆగలేదు. వీరయ్య మామ విస్తరి పక్కనున్న అన్నం బుట్ట అందుకుని, వంగి, మునసబు విస్తట్లో వడ్డించింది.

పల్లె బుట్టలో అన్నం. మునసబు తమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోటోగ్రాఫరు చెయ్యెత్తి "రెడీ" అన్నాడు. మునసబు ఆ అన్నంలో చెయ్యి పెట్టి, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తల్లి వంక చూడలేదు, పెద్దమనిషి వంక చూడలేదు. వీరయ్య మామ వంక చూశాడు.

ఆమెది తప్పని నేను ఈనాటికీ అనను. మనసులో మచ్చ లేని మనిషి. కాని ఆమె చేసిన పనికి లెక్క చెప్పుకోవలసింది ఆమె కాదు. చూడటానికొచ్చినవాళ్లు ఎంత మంచివాళ్లయినా సాయంత్రానికి వెళ్లిపోతారు. గైడు గుర్తుంచుకోవలసింది అదే.

కార్తీకం దాకా

కారు వెళ్లిపోయింది. ఓవర్సీరు గారు మహా సంబరంగా ఉన్నాడు. మర్నాడు మునసబు కబురు పెడితే వెళ్లాను.

"ఏం సాయిబూ, మీ దొరలకి రెండు చాపలు బాగా నచ్చినయ్యంటగా. కార్తీకంలో కూడా రెండే ఏద్దాం. పల్లెవాళ్లకి చెప్పు."

"అయ్యా, అది పండగ. దానికీ దీనికీ..."

"నిన్న మీరు చూపించలా? అంచుకి అంచు తగిల్తే ఒకటే చాప. ఎవరికీ నష్టం లేదు." తమ్ముళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

అది నేను వీరయ్య మామకి చెప్పలేదు. చెప్పేవాళ్లు వేరే ఉన్నారు, ఆ పూటే చెప్పారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పొలానికి పోయేవాడు, వచ్చేవాడు, దారిలో కనిపిస్తే "బాగున్నావా అల్లుడూ" అనేవాడు. తిట్టినా బాగుండేది. నాగమ్మ అత్త మాత్రం నన్ను చూస్తే లోపలికి పోయేది.

ఓవర్సీరు గారిని బతిమాలాను. మీరొచ్చి మునసబుతో మాట్లాడండి, మీ మాట మీదే జరిగింది కదా అన్నాను. "మతాచారాల్లో సర్కారు వేలు పెట్టకూడదురా" అన్నాడు. చైత్రంలో ఆ వేలు ఎక్కడ పెట్టాడో ఆయనకి గుర్తులేదు. అధికారుల జ్ఞాపకశక్తి మీద ఆశ పెట్టుకోకండి పిల్లలూ. మీ వెనక ఎవరూ ఉండరనుకుని నడుచుకోండి.

వానాకాలం గడిచింది. ఏటి అవతల నైజాంలో గొడవలు, జనం బండ్లు కట్టుకుని ఇటు రావడం, పోవడం. యాత్రికులు రావడం తగ్గింది. ఖాళీగా ఉంటే దిగులు ఇంకా పెరుగుతుంది. ఎటు ఆలోచించినా ఒకటే కనిపించేది. రెండు చాపలు పడతాయి. వీరయ్య మామ రెండోదాని మీద కూచుంటే ఆయన చోటు శాశ్వతంగా పోయినట్టే. కూచోనంటే పండగ చెడగొట్టాడని మీదపడి కొడతారు.

మందపోరు నాటి పొద్దున వాగులో కొణతాలు కడుగుతున్నారు. నీళ్లలోకి దిగి మామ పక్కన నిలబడ్డాను.

"మామా, ఈ ఒక్క ఏడూ తల వంచు. రెండోదాని మీద కూచో. వచ్చే ఏటికి నేనేదన్నా చేస్తాను."

ఆయన కొణతాన్ని చింతపండుతో తోముతూ అన్నాడు, "నాదయితే వంచేవాణ్ని అల్లుడూ. ఇది నాది కాదుగా."

చాప మీద

గుడి ముందు రెండు చాపలు వేశారు. అంచుకి అంచు, నేను తోటలో వేసినట్టే. ఎక్కడెక్కడి ఊళ్లనుంచో ఆచారవంతులు, అంటే కొణతాలు పట్టే ఇళ్లవాళ్లు, వచ్చారు. అవతలి ఊళ్లవాళ్లకి ఈ గొడవేమీ తెలియదు. జనం కిటకిటలాడుతున్నారు. గంగాళాల్లో అన్నం పొగలు కక్కుతోంది. మునసబు వచ్చి ఊరిపెద్దగా మొదటి చాప మీద తన చోట కూచున్నాడు. పక్కనుండే వీరయ్య మామ చోటు మునసబు తమ్ముడు పట్టుకున్నాడు.

వీరయ్య మామ కొణతం భుజానికి ఆనించి చాపల ముందుకొచ్చాడు. ఎవరో రెండోదాని వైపు చెయ్యి చూపించారు. ఆయన కూచోలేదు. కొణతం మొన పైకి పెట్టి అలాగే నిలబడ్డాడు.

ఆయన వెనక వస్తున్న మరో ఊరి ఆచారవంతుడు, కమ్మవారి పెద్ద, ఆగి చూశాడు. "ఏంది, ఎందుకు నిలబడ్డావు?" అన్నాడు. మామ చాపలు రెండూ చూపించాడు. ఆ కమ్మపెద్ద వంగి చూసి, "ఇదేందిరా, రెండేశారు?" అని గట్టిగా అడిగాడు. ఆయన కూడా కూచోలేదు. ఒక కొణతం నిలబడితే దాని వెనకవి కూచోకూడదు, అది వాళ్ల పద్ధతి. ఒకరి వెనక ఒకరు, అన్ని కులాల కొణతాలూ నిలబడిపోయాయి.

కొణతాలు కూచుని ముద్ద ఎత్తందే జనం తినకూడదు. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. ఆడవాళ్లు గుసగుసలు. అన్నం మీద పొగ సన్నబడి ఆగిపోయింది. మునసబు తమ్ముడు లేచి వీరయ్య మామ మీదికి ఒక అడుగు వేశాడు. ఏం చేస్తున్నానో తెలియకుండానే జనాన్ని తోసుకుని ముందుకు పోయి మామ పక్కన నిలబడ్డాను. నా వల్ల ఏమవుతుందని పోయానో నాకే తెలియదు. దెబ్బ పడితే ఇద్దరికీ పడుతుంది, అంతే.

"ఆ చాప మీద కూచోరా" అన్నాడు మునసబు. వీరయ్య మామతో అన్నాడనుకున్నాను. కాదు, తమ్ముడితో. తమ్ముడు వెళ్లి రెండో చాప మీద కూచున్నాడు, మూతి ముడుచుకుని. అప్పటికీ కొణతాలు కదల్లేదు. రెండు చాపలు రెండు చాపల్లాగే ఉన్నాయి.

మునసబు అంతమంది మొహాలూ చూశాడు. తర్వాత పంచె సర్దుకుని లేచాడు. "లెగవరా దాని మీంచి" అని తమ్ముణ్ని గద్దించి, రెండో చాపని తన చేత్తోనే చుట్టి గుడి గోడకి విసిరేశాడు. వచ్చి తన చోట కూచున్నాడు.

మిగిలింది ఒకటే చాప. అంతమందికి అది చాలదు. కొణతాలవాళ్లంతా మోకాలికి మోకాలు తగిలేట్టు ఇరుక్కున్నారు. మునసబు పక్కన మిగిలిన చోటు సగం మనిషికి కూడా సరిపోయేట్టు లేదు. వీరయ్య మామ అక్కడికి వెళ్లి నిలబడ్డాడు. ఏడాదంతా ఎవరి ముందు తలగుడ్డ తీసి నిలబడతాడో, ఆయన వైపు వంగి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు అన్నాడు.

"కాస్త జరగండి."

మునసబు జరిగాడు. వీరయ్య మామ కూచుని కొణతాన్ని ఒళ్లో పెట్టుకుని, విస్తరి ముందుకు లాక్కున్నాడు. అన్నం చల్లారిపోయింది. అయినా అందరం తిన్నాం.